జంటాకుల కనుమలో దొర పక్క విస్తరి

జంటాకుల కనుమకు బస్సు లేదు. సంత దగ్గర దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, రెండు మైళ్ళు కొండెక్కాలి. పైన గోపురం లేదు, గంట లేదు. మోకాలెత్తు నల్లరాయి, దాని ముందొక అడ్డాకు విస్తరి, పక్కన మరొకటి. "ఇంతేనా!" అనుకునే భక్తులున్నారు. ఇంతే. వచ్చినవారు బంతిలో కూర్చుని భోంచేయాలి. ఇక్కడి పూజ అదే.

పూర్వం ఇక్కడ పోడు కొట్టనివ్వని సర్కారు మీద పితూరీ లేచింది. మూడేళ్ళు పటాలం అడవంతా గాలించినా పితూరీదారులు చిక్కలేదు. మధ్యలో ఊళ్ళు నలిగిపోయాయి. కనుమకు పెద్దయిన బొంజన్నదొర అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. తల్లి పోయాక తన చేత్తో ముద్దలు పెట్టి పెంచిన తమ్ముడు కొమ్మన్న పితూరీలో ఉన్నాడు. వాణ్ణి ప్రాణాలతో ఇంటికి తెచ్చుకోవడమే దొరకున్న ఒకే కోరిక.

తుపాకీతో ఈ పని తెమలదని పటాలం సుబేదారు గురవయ్య నాయుడు గ్రహించి, దొర గుమ్మానికి వచ్చాడు.

"మావోళ్ళు ఒక్క బంతిన తిన్నోడి మీద సెయ్యెత్తరు బాబూ. మీవోళ్ళు మాతో కూకుంతారా?" అని దొర అడిగాడు.

"కూర్చుంటాం. దిగివచ్చినవాడి మీద దెబ్బ పడదు, నాదీ మాట. కానీ ఆయుధంతో ఎవరూ బంతిలోకి రాకూడదు దొరా."

దొర ఒప్పుకుని అడవికి కబురు పంపాడు. ఆ కొండల్లో విల్లును ఇంటిపెద్ద పాదాల దగ్గర తప్ప మరెక్కడా దించరు. ఇది తమలో పసివాడికైనా తెలిసిన సంగతి కనుక సుబేదారుకు చెప్పాలని దొరకు తోచలేదు.

అనుకున్న రోజు మధ్యాహ్నం సామన్నం వడ్డించారు. కొమ్మన్న తప్ప తక్కిన పితూరీదారుల ఇంటిపెద్దలు గెడ్డ ఒడ్డునే నిలబడ్డారు. పితూరీదారులు అక్కడే వారి పాదాల దగ్గర విళ్ళు దించి వచ్చి కూర్చున్నారు. కొమ్మన్న చివర వచ్చాడు. అతని ఇంటిపెద్ద అయిన దొర బంతి మొదట, సుబేదారు పక్కన కూర్చుని ఉన్నాడు. తమ్ముడి కోసం రెండోపక్క విస్తరి వేయించాడు. కొమ్మన్న భుజాన విల్లుతోనే అన్న దగ్గరికి నడిచాడు. కాపలా సిపాయి కాల్చాడు.

పితూరీదారులంతా ఒక్కసారి లేచారు. ఆ క్షణంలో దొర ఊఁ అంటే కొండ మళ్ళీ మండేది.

"ఎవలూ లెగొద్దు. ఆకు ముందు కూకున్నాం. తినండి" అని దొర మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు.

పితూరీ ఆ ముద్దతో ముగిసింది. పటాలం అతనికి తలపాగా చుట్టి వెళ్ళిపోయింది. తమ్ముడి శవం పక్కన అన్నం తిన్నవాడని కొండవారు అతనితో బంతి మానేశారు. లోకం భాషలో రెంటికీ చెడ్డ రేవడి. బతికినంతకాలం దొర అక్కడే కూర్చుని, పక్కన ఖాళీ విస్తరి వేసుకుని, ఒంటరిగా తిన్నాడు. అంతకన్నా ఘోరమైన ఏకాంతం ఉంటుందని ఈ కథ రాసేవాడు అనుకోడు.

ఏళ్ళు గడిచి, పల్లపు ఊళ్ళో ముసలివాడైన సుబేదారుకు కలలో దొర కనిపించి, "నాయుడుబాబూ, అన్నం సల్లారిపోతంది" అన్నాడు. ఆయన చేతికర్రతో కొండెక్కాడు. దొర అప్పటికే పోయాడు. అతను కూర్చునే చోట రాయి నిలిపారు గాని, పక్కన ఎవరూ కూర్చోలేదు. సుబేదారు కర్రను రాతి పాదం దగ్గర పెట్టి, ఆకు వేసుకుని, ఏడుస్తూ తిన్నాడు. చూసి, కొండవారు ఒక్కొక్కరే వచ్చి బంతి కట్టారు.

నేటికీ పక్క విస్తరి పరాయివారిదే. ఎవరూ రాని రోజు పొద్దు వాలేదాకా ఊరు ఆకలితో కాచుకుంటుంది. మాటలు మానుకున్న అన్నదమ్ములు ఇక్కడ తింటే కలుస్తారని నమ్మకం. వచ్చినవారు కర్రో సంచీయో, చేతిలో ఉన్నది రాతి పాదం దగ్గర దించాలి. అప్పుడు పూజారి రాయి వైపు వంగి చెప్పే మాట కోసం బంతి అంతా ముద్ద ఎత్తకుండా ఆగుతుంది:

"తమ్ముడు విల్లు దించీసినాడు దొరా. ఇంక తిను."