బిళ్ళ వెయ్యని ఆటగాడు

ఊరు అయిపోయి కొండ మొదలయ్యే చోట ఒక పాత ఇనుప సామాన్ల కొట్టు ఉంది. విరిగిన సైకిళ్లు, తలుపుల్లేని ఫ్రిజ్‌లు, తుప్పు పట్టిన కూలర్లు, ఎవరి కాపురంలోనో వెలిగి వచ్చిన బీరువాలు... మనుషులకు అక్కర్లేనివన్నీ చివరికి అక్కడికే చేరతాయి. ఆ వరసలోనే ఒక ముసలి ఎద్దు కూడా ఉంది. కొట్టు యజమాని ట్రాలీ ఆటో కొన్నాక బండి మూలపడింది, బండితోపాటు ఎద్దూ మూలపడింది. యజమాని చెడ్డవాడని నేననను. మెడలో పలుపు విప్పి, "ఇక హాయిగా తిరుగుతూ మెయ్యి" అన్నాడు. ముందుకాలు వాచిపోయి నాలుగడుగులు వెయ్యలేని ఎద్దు ఎక్కడికి పోయి మేస్తుందో మాత్రం ఆలోచించలేదు. కొందరి దయ అలాగే ఉంటుంది.

ఆ ఆవరణలో ఇనుము తప్ప గడ్డిపరక మొలవదు. పక్కనున్న గేదో మేకో దారిలో దొరికింది నోట కరుచుకొచ్చి పడేస్తే ఎద్దు ఆ పూట గడుపుకునేది. వానలు పడితే కొండదారి బురదైపోతుంది, అప్పుడు తెచ్చేవాళ్లూ ఉండరు. ఈలోగా ఇంత మేత కూడబెట్టకపోతే ఎద్దు వానాకాలం దాటదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎద్దుకి కూడా తెలుసు.

అలాంటి రోజుల్లో కొట్టులోకి నిలువెత్తు చెక్కపెట్టె ఒకటి వచ్చింది. ఒకప్పుడు ఎగ్జిబిషన్లలో పిల్లలు తోసుకుంటూ ఆడిన వీడియో గేమ్ అది. పైన గాజు తెర, తెర కింద ఒక పిడి, పిడి కింద బిళ్ళ వేసే సందు. పనిచేస్తుందో లేదో చూద్దామని యజమాని ప్లగ్గు పెట్టాడు. తెర వెలిగింది. ఆ సంబరంలో స్విచ్చి ఆపడం మరిచిపోయి, గేటుకు పెద్ద తాళం వేసి, బావమరిది పెళ్లికి వెళ్లిపోయాడు. వెనక గోడ కూలి రెండేళ్లయింది గానీ గేటుకు తాళం మాత్రం ఆయన ఎప్పుడూ మరవడు.

ఆయన అటు పోగానే జంతువులన్నీ పెట్టె చుట్టూ చేరాయి. తెరమీద చిన్న విమానం ఎగురుతోంది. పైనుంచి రాళ్లు పడుతున్నాయి. విమానం అటూ ఇటూ జరిగి తప్పించుకుంటోంది. కింద ఏవో అక్షరాలు ఆరి వెలుగుతున్నాయి, చదవొచ్చిన వాళ్లెవరూ అక్కడ లేరు.

"లోపల ఎవరున్నారు?" అంది కోడిపెట్ట.

ఈ కోడిపెట్టతో ఇదే గొడవ. గింజ కనబడితే తినదు, ఆ గింజ అక్కడికి ఎలా వచ్చిందని ముందు అడుగుతుంది. చుట్టూ తిరిగి పెట్టె వెనక్కి వెళ్లి చూసింది. వైర్లూ బూజూ తప్ప ఏమీ లేవు.

"నీకు అన్నీ కావాలి" అంది మేకపోతు గడ్డం ఊపుతూ. "చూడమన్నది చూడొచ్చుగా."

ఎగ్జిబిషన్ల వెంట తిరిగి తిరిగి ముదిరిన కోతి ఒకటి గోడమీద కూర్చుని ఇదంతా చూస్తోంది. అది కిందికి దూకి, ఇనుప గుట్టలో వెతికి, గుండ్రటి వాషర్ బిళ్ళ ఒకటి తెచ్చి సందులో వేసింది. టింగుమని మోగింది. ఎగిరే విమానం మాయమై, కొత్త విమానం తెర అడుగున వచ్చి ఆగింది. కోతి పిడి ఎటు తిప్పితే అది అటు వెళ్లింది. రాళ్లు తప్పించుకుంటూ మూడు మబ్బులు దాటి నాలుగో మబ్బు దగ్గర పేలిపోయింది. ఒక బిళ్ళకి మూడు విమానాలు, మూడూ పేలితే ఆట అయిపోయినట్టే.

"నేనాడతా" అంది గేదె. "ముందు నేను" అంది గాడిద. తోపులాట మొదలైంది. అప్పుడే మేకపోతుకి ఒక ఆలోచన వచ్చింది. దానికి ఆలోచనలు అరుదుగా వస్తాయి, వచ్చినప్పుడు మాత్రం ఎత్తైన చోటు ఎక్కి చెబుతుంది. ఫ్రిజ్ మీదికి ఎక్కింది.

"సోదరులారా! పోటీ పెడదాం. ఆడాలనుకున్నవాళ్లు మోపు గడ్డి తెచ్చి ఇచ్చి ఒక బిళ్ళ తీసుకోవాలి. ఆ గడ్డి అంతా ఎద్దు తాతకి. పోటీ జరిగినన్నాళ్లూ ఈ ఆవరణలో ఎవరూ ఎవర్నీ తినకూడదు."

సందులో పట్టే బిళ్ళలన్నీ ఏరించి ఒక రేకు డబ్బాలో పోసి, దానిమీద కూర్చుంది. మేకపోతు గాంభీర్యం అని పెద్దలు ఊరికే అనలేదు. అయినా ఆలోచన మంచిదే, కాదనకూడదు.

కబురు కొండంతా పాకింది, నక్క చెవినా పడింది. పోటీ ఇంకా మొదలవ్వకముందే, మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ, అది గోడ దాటి వచ్చింది. బిళ్ళ లేదు. మోపు ఇచ్చే ఉద్దేశం అసలే లేదు. తెరమీద విమానం ఎగురుతూనే ఉంది కదా, ముందుకాళ్లతో పిడి పట్టుకుంది. విమానం కుడికి జరిగింది, నక్క కుడికి తిప్పింది. విమానం ఎడమకు జరిగింది, నక్క ఎడమకు తిప్పింది. "అబ్బో, నా చేతిలో ఇంత విద్య ఉందని నాకే తెలియదు" అనుకుని మురిసిపోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

బోర్లించిన కూలర్ వెనక గుడ్లు పొదుగుతున్న కోడిపెట్ట ఊపిరి బిగబట్టి చూస్తోంది. మొదట భయంతో చూసింది. తర్వాత భయం పోయి ఆశ్చర్యం మొదలైంది. ఎందుకంటే నక్క పిడి వదిలేసి చెవి గోక్కుంది, విమానం రాళ్లు తప్పించుకుంటూనే ఉంది.

నక్క వెళ్లాక కోడి వచ్చి పిడిమీద ఎక్కి కూర్చుంది. విమానం దాన్ని లెక్కచెయ్యలేదు. ఎన్నిసార్లు చూసినా అదే వంపు, అదే మలుపు, చివరికి అదే రాయి తగిలి పేలడం. కోడి పరుగున కోతి దగ్గరికి పోయింది.

"అన్నా, ఎవరూ ఆడనప్పుడు ఆడేది ఎవరు?"

కోతి నవ్వింది. "ఎవరూ లేరే. రమ్మని ఊరించడానికి అది తనంతట తానే ఆడి చూపిస్తుంది. బట్టల కొట్టులో బొమ్మకి చీర కట్టి నిలబెట్టరూ? అలాగన్నమాట. బిళ్ళ పడితేనే అసలాట."

కోడిపెట్ట తల పక్కకి వంచి కాసేపు ఆలోచించింది. మళ్లీ వచ్చి గుడ్లమీద కూర్చుంది.

పోటీ బ్రహ్మాండంగా జరిగింది. కుందేళ్లు, అడవిపందులు, గాడిదలు, ఎవరు మొయ్యగలిగినంత వాళ్లు తెచ్చారు. గాడిద పిడి తిప్పబోయి నాలుకతో తెర నాకింది. అందరికన్నా ఎక్కువ ఓడింది గేదె. ఓడటం, వెళ్లి మోపు తేవడం, మళ్లీ బిళ్ళ తీసుకోవడం, మళ్లీ ఓడటం. ముట్టెతో పిడిని నెడుతూ, "ఈసారి ఒక మబ్బు దాటాను" అని సంతోషపడేది. సాయంత్రానికి ఎద్దు పక్కన గడ్డి చిన్న వామిలా లేచింది. ఎద్దు దాన్ని చూసి చూసి, "ఇదంతా నాకేనా?" అంది.

సరిగ్గా అప్పుడే గోడమీద నక్క కనబడింది.

"ఊరక రారు మహానుభావులు" అని గొణిగింది గేదె.

నక్క ఎంతో వినయంగా దిగి వచ్చింది. "ధర్మకార్యమని తెలిసి ఆగలేకపోయాను. కానీ ఈ మోపులూ బిళ్ళలూ ఏం బేరం చెప్పండి? ఒకే ఆట ఆడదాం. గెలిస్తే ఈ వామి నాది."

"గడ్డి నీకెందుకు బావా?" అంది కోడిపెట్ట.

"నాకెందుకు మరదలా? తినేవాళ్లు దాన్ని వెతుక్కుంటూ మా ఇంటికే వస్తారుగా."

కుందేళ్లు ఒకదాన్నొకటి చూసుకుని వెనక్కి జరిగాయి.

"మరి ఓడితే?"

"నేనా?" నక్కకి నిజంగానే నవ్వొచ్చింది.

"మాటవరసకే అడుగుతున్నాను. పందెమన్నాక రెండో పక్క కూడా ఉండాలిగా."

"ఓడితే రెండు మోపులు ఇస్తాలే."

"వామికి రెండు మోపులా? ఇదేం న్యాయం పోతు మామా?"

"నేనూ అదే అంటున్నాను" అంది మేకపోతు, అప్పటిదాకా ఏమీ అనకపోయినా.

కోడిపెట్ట రెండడుగులు ముందుకేసింది. "వాగు పక్కన నీ బొరియ ముందు పల్లం ఉంది చూడు, మోకాలెత్తు పచ్చిక. నీ భయానికి అటు ఎవరూ పోరు. ఓడితే నువ్వు కొండ అవతలికి వెళ్లిపోవాలి. ఆ పచ్చిక మేం తెచ్చి ఎద్దు తాతకి వేస్తాం."

నక్క ఒక్క క్షణం కళ్లు మూసుకుని తన విమానం తన చేతిలో ఎలా ఎగిరిందో గుర్తు చేసుకుంది. "సరే. అయితే నాకు ఎదురు కోతి వద్దు, గేదె ఆడాలి."

"ఒప్పుకున్నాం" అంది మేకపోతు వెంటనే, ఫ్రిజ్ మీద నిలబడి.

ఎద్దు మూలిగింది. "ఒరే పోతూ, అది నా నోటి దగ్గర కూడురా. నన్నొక్క మాట అడగొద్దూ?"

మేకపోతు గడ్డం కిందికి దిగిపోయింది. కోడిపెట్ట ఎద్దు చెవి దగ్గరికి పోయి, "భయపడకు తాతా" అంది. అంది గానీ దానికీ పూర్తి నమ్మకం లేదు. నక్క సంగతి తెలుసు, గేదె సంగతి ఎవరికి తెలుసు?

గేదె బిళ్ళ వేసింది. ముట్టె పిడికి ఆనించి, ఊపిరి గట్టిగా వదిలి, మెల్లగా నెట్టింది. ఒక రాయి తప్పింది. ఇంకోటి తప్పింది. ఒక మబ్బు దాటింది, రెండో మబ్బు కూడా దాటింది. అక్కడ మూడో విమానం కూడా పేలిపోయింది. గొప్ప ఆటేం కాదు. కానీ ఓడి ఓడి నేర్చుకున్న ఆట అది.

నక్క ఠీవిగా వచ్చి పిడి పట్టుకుంది.

"బిళ్ళ వెయ్యి బావా" అంది కోడిపెట్ట.

"నా స్థాయికి బిళ్ళ ఎందుకు?"

"ధర్మం ఆట కదా, బిళ్ళ పడందే లెక్కకి రాదు. మోపు తర్వాత ఇద్దువుగానిలే."

కోతి బిళ్ళ వేసింది. టింగుమంది. కొత్త విమానం తెర అడుగున వచ్చి ఆగింది. నక్క అలవాటు ప్రకారం అందరివైపు చూసి నవ్వుతూ, విమానం ఎటు పోతే అటు తిప్పుదామని ఎదురుచూసింది. విమానం ఎటూ పోలేదు. మొదటి రాయి నెత్తిమీద పడింది. రెండో విమానం వచ్చింది. నక్క గాభరాగా పిడి ఊపింది, విమానం తెర అంచుకు పోయి ఇరుక్కుంది. మూడోది వచ్చిందో లేదో పోయింది. మొదటి మబ్బు కూడా కనబడకుండానే ఆట అయిపోయింది.

"ఈ పెట్టె చెడిపోయింది!" అని అరిచింది నక్క.

"ఆడలేక మద్దెల ఓడందట" అంది గేదె.

"లేదు, మొన్నంతా నేను చెప్పినట్టు విన్నది."

"మొన్నా?" మేకపోతు తల ఎత్తింది. "మోపు ఇవ్వకుండా ఆడావన్నమాట."

నక్క నాలుక కరుచుకుంది. కోతి అందర్నీ పెట్టెకి దూరంగా జరగమంది. పిడి దగ్గర ఎవరూ లేరు. కాసేపటికి విమానం తనంతట తానే పైకి లేచింది. అదే వంపు, అదే మలుపు. చూస్తున్న నక్క ముందుకాళ్లు వాటంతటవే గాలిలో కుడికీ ఎడమకీ కదిలాయి. అందరూ చూస్తున్నారని గమనించి ఆపేసింది.

నక్క గోడ ఎక్కి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.

"నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు బావా" అంది కోడిపెట్ట.

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

నక్క కొండ అవతలికి దిగిపోయింది.

తనంతట తానే తిరిగే చక్రం పట్టుకుని నేనే తిప్పుతున్నాననుకునేవాడికి, తిప్పాల్సిన రోజున చెయ్యి ఆడదు.