నత్త పళ్ళూ నక్క జవాబులూ

చుక్కమ్మ అనే పెట్టకోడికి గడ్డివాము మీద ఒక వింతల పుస్తకం దొరికింది. యజమాని మనవరాలు మరిచిపోయి వెళ్ళింది. చుక్కమ్మ రోజూ గంప కిందున్న పిల్లలకు ఒక వింత చదివేది. పిల్లలు సందేహాలడిగేవి. తెలిస్తే చెప్పేది, లేకపోతే, "తెలియదర్రా, పదండి చూసొద్దాం" అనేది. అంతే, పిల్లలన్నీ బిలబిలా బయటికొచ్చేవి. చీమలు నిద్రపోతాయో లేదో చూడటానికి ఒకసారి పుట్ట దగ్గరే పొద్దుగూకేదాకా కూర్చున్నాయి.

కంచె అవతల నుంచి నక్క జోగయ్య ఇదంతా చూసేవాడు. అంత దూరం మాటలు వినిపించవు. పుస్తకం తెరవడం, పిల్లలు బయటికి రావడం మాత్రం కనిపించేవి. చదివితే చాలు, కోడిపిల్లలు వాటంతటవే వస్తాయని అతనికి అర్థమైంది.

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ పెంటకుప్ప దగ్గరికి వెళ్ళింది. కుక్క కర్రెన్న నీడలో కునుకు తీస్తున్నాడు. జోగయ్య లోపలికి దూరాడు. గంప మీద పెద్ద రాయి ఉంది. కింద కోడిపిల్ల పట్టేంత సందు.

"అమ్మకు పనుందట. ఇవాళ నేను చదువుతా," అని పుస్తకం తెరిచాడు. "నత్త నోట్లో వేలకొద్దీ పళ్ళుంటాయి. ఊఁ, రండి బయటికి."

"సందేహం మామా," అంది బుడిగి అనే పిల్ల, సందులోంచి ముక్కు బయటపెట్టి. "అన్ని పళ్ళూ తోముకునేసరికి పొద్దుగూకదా?"

జోగయ్యకు తెలియదు. కానీ తెలియదన్న మాట అతని నోట అడవిలో ఎవరూ వినలేదు.

"తోముకోవు. ఇసుకతో పుక్కిలిస్తాయి."

"ఇసుక ఎవరిస్తారు?"

"ఎండ్రకాయలు."

"ఊరికేనా?"

"వియ్యంకులమ్మా!"

పిల్లలు కదల్లేదు. జోగయ్య పేజీ తిప్పాడు. "ఆక్టోపస్‌కు మూడు గుండెలు."

"భయమేస్తే మూడూ కొట్టుకుంటాయా, వంతులేసుకుంటాయా?"

"వంతులే. పెద్ద గుండెకు ఆదివారం సెలవు."

"ఆదివారం భయమేస్తే?"

"సోమవారం దాకా ఆగుతుంది! సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుంది. రండిక!"

"మరి పేడ మీద వాలితే?"

"చెప్పులేసుకుంటుంది!"

బుడిగి నిట్టూర్చింది. "అమ్మయితే ఈపాటికి తెలియదనేది."

"మీ అమ్మకు తెలియదేమో! నాకు తెలియనిదంటూ లేదు!" గంప అదిరేలా అరిచాడు జోగయ్య. "ఇంకా ఎవరికైనా సందేహాలున్నాయా?"

"నాకొకటుంది," అన్నారెవరో వెనకనుంచి.

కర్రెన్న లేచి కూర్చుని ఉన్నాడు. "నక్క ఎంత వేగంగా పరుగెత్తుతుందోయ్ జోగయ్యా?"

జోగయ్య పుస్తకం కింద పడేశాడు. "తె... తెలియదన్నా."

"తెలియదట! తెలియదట!" అంటూ గంప కిందున్న పిల్లలన్నీ బిలబిలా బయటికొచ్చి అతని కాళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. జోగయ్య వాటిని చూశాడు. అంత దగ్గరగా, అంత బొద్దుగా. వాటి వెనక కర్రెన్న ఒళ్ళు విరుచుకుంటున్నాడు.

"పదండి, చూద్దాం," అన్నాడు కర్రెన్న.

చూశారు. కంచె ముళ్ళకు జోగయ్య తోక వెంట్రుకలు కొన్ని మిగిలాయి.

చుక్కమ్మ తిరిగొచ్చి అడిగింది, "ఇవాళ ఏం తెలుసుకున్నారర్రా?"

"నక్క చాలా వేగంగా పరుగెత్తుతుందమ్మా," అంది బుడిగి. "పుస్తకంలో లేదు. మేమే చూశాం."

నీతి: తెలియదని ముందే ఒప్పుకుంటే పదిమందీ వెంట వస్తారు, ఆలస్యంగా ఒప్పుకుంటే వెంటపడతారు.