గుళ్లు చూపించే కురోదా

ధ్యానానికి కళ్లు మూసుకోవడమే ఆలస్యం, కురోదా లోపల గైడు లేచి నిలబడేవాడు. "అందరూ దయచేసి ఇటు రండి. ఈ మందిరానికి తొంభై ఆరు స్తంభాలు. మూడుసార్లు తగలబడింది, మూడుసార్లూ మళ్లీ కట్టారు." ఎంత వద్దనుకున్నా ఆ గొంతు ఆగేది కాదు. పక్కన కూర్చున్న శిష్యులు ఊపిరి మీద మనసు నిలుపుతుంటే కురోదా స్తంభాల మధ్య తిరుగుతూ ఉండేవాడు.

తప్పంతా అతనిదే అనడానికీ లేదు. క్యోటోలో అడుగడుక్కీ ఒక గుడి. ఆ గుళ్లన్నిటినీ ఇరవై ఆరేళ్లపాటు జనానికి చూపించాడతను. చేతిలో చిన్న జెండా, ఎదురుగా నలభైమంది యాత్రికులు, అదే బతుకు. ఏ గుడి ఎవరు కట్టించారో, ఏ విగ్రహం ఏ చెక్కతో చేశారో, ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో అన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు.

అతని యాభై రెండో ఏట భార్య పోయింది. అంత్యక్రియలు జరిపిస్తూ భిక్షువు మంత్రాలు చదువుతుంటే కురోదాకి ఏడుపు రాలేదు. ఆ మందిరం పైకప్పు ఏ సంవత్సరంలో మార్చారో గుర్తుకొచ్చింది. ఇంటికెళ్లాక తనంటే తనకే భయమేసింది. ఆ భయంతోనే కొండ పక్కనున్న చిన్న మఠానికి వచ్చి, గెన్షూ అనే ముసలి గురువు దగ్గర శిష్యుడిగా చేరాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. మార్పేమీ లేదు. ఈలోగా ఆకులు ఎర్రబడే కాలం వచ్చింది, ఊరంతా యాత్రికులతో నిండిపోయింది. పాత కంపెనీవాళ్లు మళ్లీ పనిలోకి రమ్మని కబురు పెట్టారు. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

కురోదా గురువు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. గురువు చిక్కుడు గింజల్లో పుచ్చులు ఏరుతున్నాడు.

"గురువుగారూ, నేను వెళ్లిపోతాను. బుద్ధుణ్ణి ఇంతమందికి చూపించాను. చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఏమీ అనిపించదు. లోపల ఏదో చచ్చిపోయి ఉంటుంది."

గురువు ఇంకో పుచ్చు గింజ ఏరి పక్కన పడేశాడు. "వెళ్దువుగానిలే. నేనీ ఊరొచ్చి నలభై ఏళ్లయింది, గుళ్లు ఒక్కటీ సరిగ్గా చూడలేదు. పోయేముందు నాకు కాస్త చూపించిపో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మొదటి గుడి గేటు దాటగానే కురోదా కాళ్లకి పాత అలవాటు వచ్చేసింది. ఆ వృత్తిలో గైడు జనం వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ మాట్లాడాలి. ఎవరు తప్పిపోయారో, ఎవరికి ఆయాసం వస్తోందో కనిపెట్టుకుంటూ ఉండాలి. వెనక్కి నడవడంలో కురోదాని మించినవాడు ఆ ఊళ్లో లేడు. చూడకుండానే గడపలు దాటేవాడు, చూడకుండానే మెట్లెక్కేవాడు.

మందిరం ముందు ఆగి, గురువు వైపు తిరిగి మొదలుపెట్టాడు. గురువు రెండు ముక్కలు విన్నాడు. తర్వాత నెమ్మదిగా అటు తిరిగి, మందిరానికీ కురోదాకీ కలిపి వీపు చూపించి నిలబడ్డాడు.

కురోదాకి ఏమీ పాలుపోలేదు. అటువైపు చూడ్డానికి ఒక గొడుగుల కొట్టు తప్ప ఏమీ లేదు. వినిపించలేదేమోనని గొంతు పెంచాడు. వీపు కదల్లేదు. చేసేదిలేక చెప్పాల్సిందంతా ఆ వీపుకే చెప్పి, చివర్లో అలవాటుకొద్దీ ఆ వీపుకే వంగి నమస్కారం కూడా పెట్టాడు.

అయిదంతస్తుల గోపురం దగ్గరా అంతే. ఈసారి కురోదా కాస్త పక్కకి వెళ్లి గురువు చెవి దగ్గర చెప్పబోయాడు. ఆయన ఇంకాస్త అటు తిరిగాడు. ఎర్ర చెక్క ద్వారాలు వరసగా ఉన్న గుడి దగ్గర వీళ్లిద్దరి వాలకం చూసి ఎవరో ఫొటో కూడా తీసుకున్నారు.

కురోదా బుర్ర తిరిగిపోయింది. కోపం వచ్చిందా ఈయనకి? ఇదేమైనా పరీక్షా? లేక పెద్దతనం మీద పడి మతి తప్పుతోందా? చూపించమని అడిగిందీ ఆయనే, చూడనిదీ ఆయనే.

"గురువుగారూ, ఎండ కళ్లలో పడుతోందా?"

"లేదే."

"నేను చెప్పేది బాగాలేదా?"

"బాగా చెబుతున్నావు. కానివ్వు."

అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాడు.

సాయంత్రం అవుతుండగా ఆఖరి గుడికి చేరారు. పాతబడిన చిన్న గుడి. కంపెనీ జాబితాలో దీనికి పది నిమిషాలు, అదీ బస్సు ఆలస్యం కాకపోతేనే. గురువు వస్తూనే మందిరానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

కురోదాకి ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లలో ఒక్క మనిషి వీపుతో మాట్లాడి ఎరగడు, ఇవాళ పొద్దుట్నుంచీ అదే పని. ఇక మర్యాద సంగతి తర్వాత అనుకుని, గురువుని చుట్టి వచ్చి ఆయన మొహానికి ఎదురుగా నిలబడ్డాడు. ఎటు తిరుగుతాడో తిరగనీ, చూద్దాం అనుకున్నాడు. గురువు ఎటూ తిరగలేదు.

"ఇక్కడి బుద్ధ విగ్రహం ఎనిమిది వందల ఏళ్ల కిందటిది" అని గడగడా మొదలుపెట్టాడు. "దేవదారు చెక్క. ఎడమచెయ్యి ఒడిలో ఉంటుంది. కుడిచెయ్యి పైకెత్తి ఉంటుంది. అభయహస్తం. భయపడవద్దని దాని..."

మాట అక్కడ ఆగిపోయింది.

గురువు భుజం మీదుగా మందిరం తలుపులు తెరిచి కనిపిస్తున్నాయి. లోపలి మసక వెలుతురులో బుద్ధుడు కూర్చుని ఉన్నాడు. బంగారు పూత ఎప్పుడో రాలిపోయింది. చెంప మీద సన్నటి బీట ఉంది. ఎత్తిన చేతికి ఒక వేలి కొస విరిగింది. ఆ సంగతి కురోదా ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, అతనికే తెలియదు. తెరిచిన ఆ అరచెయ్యి సూటిగా అతని వైపే ఉంది.

చెప్పాల్సిన ముక్క కోసం వెతుక్కున్నాడు. కంఠతా వచ్చినదేదీ నోటికి అందలేదు. లోపల పొంగుకొచ్చింది భయమో, సిగ్గో, ఏడుపో అతనికే తేలలేదు.

ఆ అరచేతి మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"గురువుగారూ, ఆ చెయ్యి... ఎప్పట్నుంచి అలా ఎత్తి ఉంది?"

"నాకేం తెలుసు నాయనా?" అన్నాడు గెన్షూ. "నేను ఇటు తిరిగి ఉన్నాను."