ఉప్పు మీద ఒట్టు

మొగలిరేవు రాజు జయభల్లుడికి ఏ కోరికైనా తలంటు వేళే పుడుతుంది. ఆ శనివారం నూనె మాడుకి అంటిందో లేదో, వెనక్కి తిరిగి అడిగాడు.

“ఒరేయ్ సింగన్నా, పగడాల దిబ్బకి వెళ్ళి రావడం దండగా, పండగా? నాకు తేల్చి చెప్పు.”

సింగన్న రాజుగారికి నీళ్ళు కాచి పోసేవాడు. పుట్టింది మాత్రం ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ పల్లెలో. అందుకే అడిగాడు రాజు.

అసలు ఈ పిచ్చి అంటించినవాడు గోవర్ధనామాత్యుడు. నిరుడు ఆయన పది రోజులు ఓడలో పోయి, నడిసముద్రంలో ఇరవై రోజులు ఆ ఓడలోనే కాపురముండి, నీళ్ళలో మునిగి అడుగునున్న దిబ్బ చూసి, మరో పది రోజులకి ఇల్లు చేరాడు. అది మొదలు ఆయన నోట వేరే మాట లేదు. ఎవరైనా పప్పులో ఉప్పెక్కువైందంటే చాలు, “ఉప్పంటే అదా! దిబ్బ దగ్గర చూడాలి ఉప్పు!” అనేవాడు. తలపాగాలో పిడికిలంత పగడపు ముక్క గుచ్చుకుని తిరిగేవాడు. మెడ పట్టేసినా తీసేవాడు కాడు.

దాంతో సభలోని అరవై మందీ వెళ్తామని ఎగబడ్డారు. అంతమందికి పల్లెలోని పడవలన్నీ కావాలి, మునిగేవాళ్ళంతా కావాలి. అదీ సముద్రం నిమ్మళించే ఆ ఒక్క అదనులోనే. అప్పుడు మునిగి తెచ్చిందే పల్లెకి ఏడాది తిండి. సింగన్న వాళ్ళన్నయ్య ముందురోజే పల్లె నుంచి వచ్చి గోడు వెళ్ళబోసుకుని పోయాడు.

“సభలో అడగండి దొరా, అక్కడే తేల్చేస్తాను,” అన్నాడు.

సభలో రాజు అడగ్గానే అమాత్యుడు పగలబడి నవ్వాడు.

“నీళ్ళు కాచేవాడు సముద్రం సంగతి తేలుస్తాడట! తేల్చలేకపోతే ఆ నలభై రోజులూ ఓడ అడుగున కూర్చుని చెక్కల సందుల్లోంచి ఊరే ఊటనీళ్ళు తోడాలి. సరేనా?”

“సరే దొరా. తేలిస్తే ఆ పని తమరిది. ఇంతకీ ఓడలో బతుకెలా ఉంటుందో కాస్త సెలవివ్వండి.”

అమాత్యుడు మీసం సవరించాడు. “పడుకోడానికి మూరెడు బల్ల. పూటకి చెంబెడు మంచినీళ్ళు. బియ్యం కన్నా పురుగులే ఎక్కువ. మొదటి ఐదు రోజులూ వాంతులు. ఒళ్ళంతా పొక్కులు. రోజుకి నాలుగుసార్లు నడుముకి రాయి కట్టి దించుతారు!”

“ఆహా!” అంది సభ.

“మరి అడుగున ఏముంది దొరా?”

“చెబితే అర్థం కాదురా. చూడాలి! ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.”

“వెళ్ళేవారు చేతులెత్తండి బాబూ,” అన్నాడు సింగన్న. అరవై చేతులు లేచాయి. అన్నిటికన్నా పైన రాజుగారి చెయ్యి.

సింగన్న పళ్ళెం నిండా ఉప్పు తెచ్చి సభ మధ్యలో పెట్టాడు.

“మా పల్లెలో ఆచారం ఒకటుంది. దిబ్బ సంగతి బయటికి పొక్కితే జనం ఎగబడి పాడుచేస్తారని, చూసేవాడు ముందుగా ఉప్పు మీద ఒట్టెయ్యాలి. వెళ్ళానని గానీ, చూశానని గానీ ఒక్కరికీ చెప్పకూడదు. పెళ్ళానికైనా సరే. గవ్వ ముక్క కూడా తేకూడదు. ఒట్టెయ్యనిదే మా పెద్ద ఎవరినీ నీళ్ళలోకి దించడు.”

“నిరుడు నన్నెవరూ అడగలేదే!” అన్నాడు అమాత్యుడు.

“నిరుడు తమరు పొరుగు రేవు వాళ్ళతో వెళ్ళారు దొరా. ఇప్పుడు తీసుకెళ్ళేది మావాళ్ళు. రండి, ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టండి.”



సేనాపతికి మోకాలి నొప్పి గుర్తొచ్చింది. ఆస్థానకవి, “చెప్పుకోకూడదంటే ఇక చూడ్డం దేనికి?” అని గొణిగి చెయ్యి దించాడు. ప్రయాణానికి ముహూర్తం పెట్టిన జ్యోతిష్కుడే తనకి జలగండం ఉందన్నాడు.

“తమరో, అమాత్యా?” అన్నాడు సింగన్న.

“నేను... ఒకసారి చూశానుగా!”

“తనివి తీరదన్నారు కదండీ?”

అమాత్యుడు మెడ రుద్దుకున్నాడు. రాజుగారి చెయ్యి కూడా కిరీటం సర్దుకునే నెపంతో మెల్లగా దిగిపోయింది. చివరికి ఉప్పు మీద ఒక్క చెయ్యే ఉంది. అది సింగన్నది. గట్టిగా అందరూ వినేలా ఒట్టు వేశాడు.

“నువ్వు వెళ్తావట్రా?” అన్నాడు రాజు ఆశ్చర్యంగా.

“వెళ్తాను దొరా. మా నాయన ఆ దిబ్బకి పడవెక్కుతుంటే నేనే సాగనంపాను. ఏం చూశావని అడిగితే నవ్వేవాడు తప్ప చెప్పేవాడు కాదు. పోయేదాకా చెప్పలేదు. ఆ నవ్వు ఎందుకో తెలుసుకోవాలని చిన్నప్పటినుంచీ నాకు ఆశ. ఇక తమరడిగిన దానికి జవాబు.”

అందరి వైపూ ఒకసారి చూశాడు.

“చూడ్డానికి వెళ్ళేవాడికి పండగ, చెప్పుకోడానికి వెళ్ళేవాడికి దండగ!”

రాజు తన దిగిపోయిన చెయ్యి చూసుకుని పెద్దగా నవ్వాడు. సభంతా నవ్వింది. పల్లె పడవల జోలికి ఎవరూ పోకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. మెడలో ముత్యాల దండ తీసి సింగన్నకి వేశాడు. దిబ్బకి వెళ్ళి రావడానికి తన ఓడ ఒకటి ఇచ్చి, ఊటనీళ్ళు తోడడానికి అమాత్యుణ్ణి ఇచ్చాడు. ఆయన కూడా ఒట్టేశాకే ఓడెక్కాలన్నాడు. అమాత్యుడి ముఖం కందగడ్డలా అయింది.

“సింగన్నా, వచ్చీ రాగానే నా దగ్గరికి రా. ఏం చూశావో పూసగుచ్చినట్టు చెప్పాలి,” అన్నాడు రాజు.

సింగన్న పళ్ళెం ఎత్తి రాజుగారి ముందు పెట్టాడు.

“నేను ఒట్టేశాను దొరా. తమరికి తెలియాలంటే, ఇందులో ఇంకా బోలెడు ఉప్పుంది.”