కొత్వాలు కాలికి గంట

ఒక రాజ్యంలో అంటుజ్వరం పాకినప్పుడు, ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో తెలియడానికి కొత్వాలు ఉద్దండరాయుడు ప్రతివారి కాలికీ గంట కట్టించాడు. గంట ఉన్నవాళ్లు పొలిమేర దాటకూడదు. జ్వరం పోయి ఏడాదైనా గంటలు విప్పలేదు. అందరి గుట్టూ తెలుస్తూ ఉండటం కొత్వాలుకి అలవాటైపోయింది.

బుట్టలల్లే సూరమ్మ కూతురు ఏటి అవతల ప్రసవించింది. మనవరాలికి పళ్లొచ్చాయని, పాకుతోందని పడవవాడు అవతలి గట్టు నుంచి కేకేసి చెబితే సూరమ్మ రోజంతా ఆ మాటలే తలుచుకునేది. చివరికి ఉండబట్టలేక రాజుగారి దగ్గరికి వెళ్లింది.

"గంట విప్పమంటావా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ. రోగం మనిషి వెంటే తిరుగుతుందని కొత్వాలుగారే అన్నారు. రోజూ అందరిళ్లకీ తిరిగేది ఆయనే. ఆయన కాలికే గంట లేదు."

రాజుకి అది సబబుగా తోచింది. అప్పటికప్పుడే కొత్వాలుకి గంట కట్టించి, ఆయన ఎక్కడికెళ్లినా తనకు చెప్పాలని భటులను ఆజ్ఞాపించాడు. మూడో రోజుకల్లా, రాజ్యంలో జ్వరం జాడే లేదని, ఇక గంటలు అక్కర్లేదని కొత్వాలే విన్నవించుకున్నాడు.

రాజు అందరి గంటలూ విప్పించాడు. సూరమ్మ ఆ పొద్దే ఏరు దాటింది. గోడ పట్టుకుని నడుస్తున్న మనవరాలు, కొత్త మనిషిని చూసి తల్లి చాటుకు వెళ్లింది. సూరమ్మ చేతులు చాచలేదు. అరుగు మీద కూర్చుని, పిల్ల తనంతట తాను వచ్చేదాకా ఎదురుచూసింది.