అంచు లేని పళ్లెం

"గవరయ్య తాతకు అబ్బిన వైరాగ్యం నాకెప్పుడు అబ్బుతుంది అయ్యగారూ?" అని కామేశం అడిగినప్పుడు పూర్ణయ్య గురువుగారు పెరట్లో తన పంచె తానే ఆరేసుకుంటున్నారు.

వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి రాకముందు కామేశం పట్నంలో ఇళ్లకు లోపలి అలంకరణ చేసేవాడు. డబ్బున్నవాళ్ల గోడలు ఎంత బోసిగా ఉంటే అంత బాగుంటాయో చెప్పి, ఆ మాటకే ఫీజు పుచ్చుకున్న మనిషి. అలాంటివాడికి ఆశ్రమంలోని పాత స్టీలు కంచాలు కంటగింపుగా ఉండేవి. చొట్టలు, గీతలు, అవి చాలవన్నట్టు ఒక్కో కంచం మీద ఒక్కో దాత పేరు. అన్నం తింటుంటే అడుగు నుంచి ఎవరిదో పేరు పైకి తేలుతుంది, ఇక మనసు నిలిచేదెలా అని అతను వాపోతే, "నీకు నచ్చినవి తే నాయనా" అన్నారు గురువుగారు. కామేశం ఎన్నో చూసి, ఎన్నింటికో పెదవి విరిచి, చివరకు బూడిదరంగు పింగాణీ పళ్లేలు తెచ్చాడు. పువ్వు లేదు, గీత లేదు, మెరుపు లేదు, అంచు కూడా లేదు. పలకలా చదునుగా ఉంటాయి. రోజూ తినడానికి ఇంతకన్నా నిరాడంబరమైనది భూమ్మీద లేదని మురిసిపోయాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, అవి నిజంగానే అందమైన పళ్లేలు. పాత కంచాలు పక్క ఊరి బడికి వెళ్లిపోయాయి.

గవరయ్య రైలు పట్టాల మీద పనిచేసి, రిటైరై ఆశ్రమంలో చేరిన ముసలాయన. మాట తక్కువ. చేతులకు వణుకు.

"ఏం వదిలాడు గవరయ్య?" అన్నారు గురువుగారు పంచె దులుపుతూ.

"ముందు చారు వదిలేశాడు. తర్వాత మజ్జిగ. ఇప్పుడు పప్పు కూడా వద్దంటున్నాడు. పిడికెడు ఉత్త అన్నం తిని లేచిపోతాడు. మనిషి సగమైపోయాడు, కానీ ముఖంలో ఇసుమంత ఫిర్యాదు లేదు." కామేశం గొంతు భక్తితో తగ్గింది. "కొత్త పళ్లేలు వచ్చాకే ఇదంతా మొదలైంది అయ్యగారూ. ఎదురుగా ఉన్న వస్తువు అంత నిర్మలంగా ఉంటే మనసూ అలాగే అయిపోతుంది కాబోలు."

గురువుగారు పంచె దండెం మీద వేసి లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం తన గదిలో ఇంత గంజి తాగి ఊరుకునే మనిషి, ఆ రోజు వచ్చి పంక్తిలో గవరయ్య పక్కన కూర్చున్నారు. వడ్డన కామేశానిదే. పప్పూ కూరా అయ్యాక చారు తెచ్చాడు. గవరయ్య అలవాటుగా పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. గురువుగారు తన పళ్లెంలో వెయ్యమన్నారు. వేసిన చారు అన్నాన్ని దాటి, పళ్లెం దాటి, నేల మీదుగా పారి ఆయన పంచెను తడిపింది. మిగతా వాళ్లు రోజూ చేసినట్టే అన్నంతో కట్టలు కట్టుకుని, ఎడమచేత్తో పళ్లెం కాస్త ఎత్తిపట్టుకుని ఎలాగో నెట్టుకొస్తున్నారు.

గురువుగారు లేచి వంటింట్లోకి వెళ్లారు. పిండి కలిపే బేసిన్ కడుక్కుని తెచ్చి, అందులో అన్నం పెట్టి, చారు పోయించుకుని, గవరయ్య ముందుకు జరిపారు.

"కలుపు గవరయ్యా. ఇద్దరం తిందాం."

"తప్పు బాబూ. నా ఎంగిలి మీరు తినడమేటి?"

"నువ్వు ముందు తినకపోతే నాకు ముద్ద దిగదు."

పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి. గవరయ్య చెయ్యి వణుకుతూ బేసిన్‌లోకి దిగింది. చారన్నాన్ని తోసుకుంటూ తోసుకుంటూ పక్క అంచు దాకా తీసుకెళ్లి, దానికి అదిమి, ముద్ద చేసింది. ఆ ముద్ద నోటికి చేరింది. ఇంకోటి చేరింది. ఆ తర్వాత ముసలాయన తల ఎత్తలేదు. చంటిపిల్లాడిలా జుర్రుకుంటూ తింటుంటే కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి. "పళ్లెంలో అయితే కింద పడిపోతాది బాబూ," అన్నాడు ఎవరినీ చూడకుండా. "అన్నం నేలపాలు చెయ్యడం ఎందుకని." ఆయన భుజం మీది తువ్వాలు నిండా పసుపు మరకలు. పడిన మెతుకులన్నీ ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా తుడుచుకున్నది దానితోనే. ఆ తువ్వాలును కామేశం రోజూ చూస్తూనే ఉన్నాడు.

ముసలాయన వేళ్ల సందుల్లోంచి జారిన మెతుకుల్ని గురువుగారు బేసిన్‌లోంచి ఏరుకుని, కళ్లకద్దుకుని తిన్నారు. అది చూసి కామేశానికి ఒళ్లంతా జలదరించింది. ఎన్నిసార్లు ఆ పాదాలకు మొక్కాడో లెక్కలేదు. తాను మొక్కినది ఎంత పెద్దదానికో ఇన్నాళ్లూ తెలియలేదనిపించి భయం కూడా వేసింది.

"అయ్యగారూ, నేను వైరాగ్యం అనుకున్నది..."

"దాని సంగతి తర్వాత చూద్దాం," అన్నారు గురువుగారు నోట్లో ముద్దతోనే. "ముందు ఇంకాస్త చారు పట్రా నాయనా. ఆయన అడగడు."