చుక్కమ్మ గంప దిగలేదు

మంగాయమ్మ దొడ్డిలో అందరికంటే ముందు లేచేది పుంజు కాదు, చుక్కమ్మ. ఒంటి నిండా తెల్ల చుక్కలున్న ఎర్ర పెట్ట అది. లేచీ లేవగానే రెక్కలు దులుపుకుని, ఎవరేం చేస్తున్నారో దొడ్డంతా ఓ చుట్టు చుట్టి వస్తే గానీ దానికి గింజ గొంతు దిగేది కాదు. బాతులు తగువులాడుకుంటే తీర్పు చెప్పాలి. ఎండబోసిన వడ్ల మీద పిచ్చుకలు వాలితే తరమాలి. మేకపిల్ల తాడు తెంపుకుంటే ఊరంతా వినబడేలా అరవాలి. ఎవరు పిలిచినా "ఇదిగో, వస్తున్నా" అనేది. పిలవకపోతే పిలవకుండానే వెళ్ళేది. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అంటారే, ఆ కుక్కలన్నీ కలిసి చేసేదంతా ఈ దొడ్డిలో ఒక్క పెట్టే చేసేది.

ఇంత పనిమంతురాలికీ ఒక దిగులుంది. వేసవి మొదట్లో మంగాయమ్మ గేదెల పాకలో ఓ మూల గంప పెట్టి, ఊక పోసి, గుడ్లు పేర్చి చుక్కమ్మను పొదగేసింది. పొదగడమంటే ఏముంది, మూడు వారాలు కుదురుగా కూర్చోవడమే. రోజుకోసారి దిగి, నాలుగు గింజలు తిని, గుక్కెడు నీళ్ళు తాగి, గుడ్లు చల్లారేలోగా మళ్ళీ ఎక్కాలి. మన చుక్కమ్మ ఎక్కినంతసేపు పట్టేది కాదు దిగడానికి. చివరికి ఒక్క పిల్లా లేవలేదు. మురిగిపోయిన గుడ్లను మంగాయమ్మ ముక్కు మూసుకుని తీసుకెళ్ళి పెంటదిబ్బ మీద పారేసింది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

ఇప్పుడు రెండోసారి గంపెక్కించింది. ఎక్కిస్తూ ఒక మాట కూడా చెప్పింది.

"చూడవే, ఈసారి పిల్లలు లేవకపోతే నువ్వు పెట్టవి కాదు, కూరవి. అల్లుడొచ్చే రోజులు దగ్గరపడ్డాయి."

ఆ మాటతో చుక్కమ్మకు ఈకలు నిక్కబొడుచుకున్నాయి. రెండు రోజులు బుద్ధిగా కూర్చుంది. మూడో రోజు పాక చూరు మీద సుందరమ్మ వాలింది.

సుందరమ్మ కాకి. బండిదారి పక్కన తుమ్మచెట్టు మీద కొత్తగా గూడు కట్టుకుని, తనూ గుడ్లు పెట్టుకుంది. మాటలో తేనె, చూపులో లెక్క.

"అయ్యో వదినా, ఇక్కడ కూర్చున్నావా! అక్కడ బాతులు ఒకదాన్నొకటి పీక్కు తింటున్నాయి."

"పీక్కోనీ వదినా. నేను గుడ్ల మీదున్నా."

"పాపం, నువ్వు మాత్రం ఏం చేస్తావులే. ఆ పెద్ద బాతు ఇప్పుడే అంటోంది, చుక్కమ్మ ఉంటే ఇలా జరగనిచ్చేదా అని. నువ్వు లేకపోతే ఈ దొడ్డికి దిక్కెవరు చెప్పు?"

ఆ చివరి మాట చుక్కమ్మ చెవిలోకి కాదు, కాళ్ళలోకి వెళ్ళింది. "ఇదిగో, వస్తున్నా" అంటూ గంప దిగింది.

మధ్యాహ్నం మేకపిల్ల కబురొచ్చింది. పొద్దు వాలుతుండగా పిచ్చుకల కబురొచ్చింది. "త్వరగా రా వదినా, ఆలస్యం అమృతం విషం" అని సుందరమ్మ తొందరపెట్టడం, చుక్కమ్మ ఉరకడం. అలా రెండు రోజులు గడిచాయి. మర్నాడు సాయంత్రం అది రొప్పుతూ వచ్చి గంపెక్కేసరికి పొట్ట కింద గుడ్లు గోరువెచ్చగా కూడా లేవు.

పక్కనే రాట దగ్గర కర్రి పడుకుని నెమరేస్తోంది. ఆ దొడ్డిలోకెల్లా పెద్దది, మాటకి తొందరలేని గేదె. ముద్ద మింగి, ఇంకోటి పైకి తెచ్చుకునే మధ్యలో అడిగింది.

"ఏమే కోడలా, కాళ్ళు నొప్పెట్టడం లేదూ?"

"పెట్టకేం అత్తా! ఏం చేయను? నేను చూసుకోకపోతే ఇక్కడ ఒక్క పనీ తెమలదు. నీకేం, హాయిగా పడుకుని దవడలాడిస్తావు."

"దవడలాడించడం కాదే, నెమరు. పొద్దున గబగబా మేసిందంతా ఇప్పుడు కూర్చుని నమిలితేనే నాకు పాలు. నమలకుండా మేస్తూ తిరిగాననుకో, కడుపుబ్బి చస్తాను. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. పాలిచ్చేదాన్ని నేనే చెప్తున్నా, వినుకో."

చుక్కమ్మకు నవ్వొచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. "అందరూ పనుల్లో ఉంటే నేనొక్కదాన్నే ఊరికే కూర్చోవాలంటే సిగ్గుగా ఉంటుంది అత్తా."

"గుడ్ల మీద కూర్చోవడం ఊరికే కూర్చోవడమటే? సరే, ఒక్కటి చెప్పు. పోయినసారి నీ గుడ్లు దిబ్బ మీద పారేస్తే ఎవరు తిన్నారో ఎరుగుదువా?"

"ఎవరు?"

"మీ సుందరమ్మ వదినే. ఒక్కటి మిగల్చలేదు. తిని, ముక్కు దిబ్బకే తుడుచుకుని పోయింది. పాకలోకొచ్చి ఎత్తుకుపోదామంటే నా కొమ్ములున్నాయి. ఎందుకొచ్చిన కష్టమని, నిన్ను గంప దింపే పని పెట్టుకుంది. నువ్వు దిగితే గుడ్లు చల్లారతాయి. చల్లారితే మంగాయమ్మే మోసుకెళ్ళి దాని ముందు వడ్డిస్తుంది."

చుక్కమ్మకు తను పరుగెత్తిన పరుగులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బాతుల తగువు నిజమే, పిచ్చుకలూ నిజమే, కానీ వాటి కోసం తను తన పిల్లల్ని చేజేతులా కాకి నోటికి అందిస్తోంది. దానికి ఏడుపొచ్చింది. రెక్కలు విప్పి గుడ్లన్నిటినీ దగ్గరకు లాక్కుంది.

"ఇప్పుడేం చేయను అత్తా?"

"చేసింది చాలు. కూర్చో."

మర్నాడు కూర్చుంది. కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది దానికి. బాతులు అరిచినప్పుడల్లా ఒక కాలు దానంతటదే పైకి లేచేది. కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ దించేది. కాసేపటికి బాతులు అలిసిపోయి, కలిసే కుంటలోకి పోయాయి. పిచ్చుకల్ని మంగాయమ్మ చేటతో అదిలించింది. మేకపిల్ల ఆకలేసి తనే తల్లి దగ్గరకొచ్చింది. సాయంత్రానికి దొడ్డి దొడ్డిలాగే ఉంది. "చుక్కమ్మేదీ?" అని ఒక్కరైనా అడగలేదు.

అది చుక్కమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

"నేను లేకపోయినా అన్నీ జరిగిపోతున్నాయి అత్తా" అంది చిన్నబోయి.

"జరుగుతాయే పిచ్చిదానా. నువ్వు లేకపోతే జరగనిది నీ పొట్ట కిందుంది."

ఆ పూట మొదటిసారి చుక్కమ్మకు చూరు తాటాకుల మీద గాలి చప్పుడు వినబడింది. కర్రి నెమరేసే చప్పుడు వినబడింది. ఊక వెచ్చగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత హాయిగా దానికెప్పుడూ లేదు.

కానీ సుందరమ్మ ఊరుకునే రకమా? పొద్దున్నే చూరెక్కింది. "వదినా! కొంపలు మునిగిపోతున్నాయి, రా!"

రానంటే? పగపట్టి, కర్రి చెరువుకెళ్ళిన వేళ చూసి కాకులన్నిటినీ వెంటేసుకొస్తే? చుక్కమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తనను ఇన్నాళ్ళూ పరుగెత్తించిన మందు ఏమిటో దానికి తెలుసు. అదే తీసి కాకికి పోసింది.

"వస్తున్నా వదినా! కాలు తిమ్మిరెక్కింది. నేను లేచేలోగా పిచ్చుకలు వడ్లన్నీ మింగేస్తాయేమో, నువ్వు కాస్త అదిలించవూ? నీ గొంతు వింటేనే వాటికి హడలు."

"నేనా?" అంది సుందరమ్మ తెల్లబోయి.

"నువ్వు కాకపోతే ఇంకెవరున్నారు? ఆ పుంజుకా, కూయడం తప్ప ఏం చేతనవును? నువ్వు లేకపోతే ఈ దొడ్డికి దిక్కెవరు వదినా?"

సుందరమ్మ మెడ కాస్త పొడుగైంది. వెళ్ళి కావుమంది. పిచ్చుకలు తుర్రుమన్నాయి. అది చూసి మంగాయమ్మ, "ఈ కాకి నయమే" అని చద్దన్నం ముద్ద విసిరింది. ఇంకేం కావాలి? మధ్యాహ్నం బాతుల మధ్యకెళ్ళి రెండిటినీ చెరోవైపు తరిమింది. సాయంత్రం మేకపిల్ల వెంటపడి పాక దాకా తోలుకొచ్చింది.

రెండు మూడు రోజుల్లో దాని మాటే మారిపోయింది. చూరు మీద వాలడం చుక్కమ్మను పిలవడానికి కాదు, చేసిన పనులు చెప్పుకోవడానికి.

"వదినా, ఇవాళ బాతులకి గడ్డి పెట్టాను. రేపు ఆ వీధికుక్కతో మాట్లాడాలి, మరీ బరితెగించింది. ఒక్కదాన్ని ఎన్నని చూసుకోను చెప్పు!"

"మరి గూట్లో గుడ్లున్నాయన్నావు?"

"ఉంటాయి, ఎక్కడికి పోతాయి? తీరికేదీ నాకు!"

ఆ జవాబు వింటే చుక్కమ్మకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. మొన్నటిదాకా అది తన మాటే. ఆ సాయంత్రం చెరువు నుంచి వచ్చిన కర్రి ఒక సంగతి చెప్పింది. తుమ్మచెట్టు మీద కాకి గూట్లోంచి ఒక కోకిల గుట్టుచప్పుడు కాకుండా దిగి పోతుంటే చూసిందట.

ఎంత కాకైనా తల్లే కదా అనుకుంది చుక్కమ్మ. మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పేసింది. "వదినా, నీ గూటికెవరో వచ్చిపోతున్నారట. ముందెళ్ళి చూసుకో. ఇక్కడేమీ మునిగిపోదు."

సుందరమ్మ తల పక్కకు వాల్చి ఒంటికంటితో చూసింది.

"ఓహో, ఇదా సంగతి! నన్ను గూటికి తోలేసి ఈ దొడ్డి పెత్తనం మళ్ళీ నువ్వు తీసుకుందామనా? నాకు తెలీదనుకున్నావా నీ ఎత్తు?" అని, మేకపిల్ల కనబడటంతో అటు ఎగిరిపోయింది.

చుక్కమ్మ గంప దిగలేదు.

ఒకనాటి పొద్దున పొట్ట కింద టక్ టక్ మని చప్పుడు. ఒక పెంకు చిట్లింది, తడిసిన తల ఒకటి బయటికొచ్చి కియ్‌మంది. దాని వెనక ఇంకోటి. మధ్యాహ్నానికి గంప నిండా పిల్లలే. మంగాయమ్మ వచ్చి చూసి, "బతికిపోయావే" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక గానీ చుక్కమ్మకు ప్రాణం కుదుటపడలేదు. అల్లుడికి ఏ గుడ్డుకూరో వండుకుంటుందిలే అనుకుంది.

పిల్లలకు కాళ్ళు గట్టిపడ్డాక ఒక చల్లని పూట బండిదారి దాకా నడిపించుకెళ్ళింది. తొందరేం లేదు. వెనకబడ్డ పిల్ల కోసం ఆగింది, పురుగు దొరికిన చోట ఆగింది, ఏమీ దొరకని చోట కూడా కాసేపు ఆగింది. తుమ్మచెట్టు కిందకొచ్చేసరికి పైన సుందరమ్మ నోట్లో ముద్దతో రొప్పుతూ వాలింది. పట్టించుకోక వదిలేసిన దాని గుడ్లు చెడిపోగా, రాత్రిళ్ళు అందిన వెచ్చదనానికే గూట్లో లేచింది ఒకే ఒక్క పిల్ల. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, దాని ఎర్రని నోట్లో ముద్ద కుక్కి మళ్ళీ దొడ్డివైపు ఎగరబోతోంది.

"ఒక్క క్షణం ఆగవే వదినా. నా పిల్లల్ని చూద్దువు గానీ" అంది చుక్కమ్మ.

"ఆగడానికి తీరికేదీ! అక్కడ బాతులు, ఇక్కడ వీడు. వీడికెంత పెట్టినా చాలదు."

అంతలో గూట్లోని పిల్ల నోరు తెరిచి "కూ..." అంది.

సుందరమ్మ కళ్ళు మెరిశాయి. "విన్నావా వదినా, మావాడి గొంతు! మా వంశంలో ఇంత తియ్యటి గొంతు ఇంతవరకూ ఎవరికీ లేదు" అని మురిసిపోతూ ఎగిరిపోయింది.

చుక్కమ్మ అక్కడే నీడన కూర్చుని పిల్లల్ని రెక్కల కిందకు తీసుకుంది.

ఊరందరి పనీ నెత్తికెత్తుకుని తిరిగితే, తన పనే పరాయిదైపోతుంది.